తోడల్లుడు చెరిపేసిన డి డ్రైవు

మా మామగారిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, కాపురం బ్రాడీపేటలో. ఆయన డెస్క్‌టాప్‌లో సి డ్రైవు నిండిపోయి ఎర్రగీత పడింది. అది మా తోడల్లుడి కంట్లో పడింది. ఎదురుగా ఏదైనా మొరాయిస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేడు పాపం. "డి తీసేసి, ఆ చోటంతా సి కి కలిపేస్తే సరి మావయ్యగారూ" అన్నాడట. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డిలీట్ వాల్యూమ్ నొక్కాడు. లోపలున్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడగనే అడిగింది. ఇద్దరూ దాన్ని మర్యాదకి అడిగిందనుకుని యస్ అనేశారు.

డి లో ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. కూతుళ్ల పెళ్లి ఫోటోలు, పొలం కాగితాల స్కానులు, అన్నిటికీ మించి రైతులవారీ టిక్కీల, అంటే మిర్చి బస్తాల లెక్క.

నేను విజయవాడ నుంచి వెళ్లేసరికి ఇంటినిండా వైద్యులే. ఫార్మాట్ కొడితే అన్నీ పైకి తేలతాయని పక్కింటాయన ఒకటే పోరు. మా అత్తగారు మాత్రం ప్లగ్గు పీకేసి, వైరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పూట ఆ ఇంట్లో సరైన పని చేసింది ఆవిడొక్కరే. పోయిన పార్టిషన్ మీద, అంటే డిస్కులో డి కి కేటాయించిన ఆ చోటు మీద, కొత్తగా ఏదీ రాయనివ్వకపోవడమే సగం వైద్యం.

"మావయ్యగారూ, 4/14 అని వీధి మొదట్లో ఉన్న బోర్డు ఎవరో పీకేశారనుకోండి. ఇళ్లు కూలిపోతాయా?"

"ఇళ్లెందుకు కూలతాయి! కొరియర్ రాడు, అంతే."

అంతే మరి. ఆ పాత డిస్కులో మొట్టమొదటి గది, సెక్టారు అంటారు, 512 బైట్లు. అందులో పార్టిషన్ల పట్టిక 64 బైట్లు, ఒక్కో పార్టిషన్ చిరునామాకి 16. మావాడు చెరిపింది ఆ 16. "పదహారు బైట్లేనా!" అని తోడల్లుడు కాస్త తల ఎత్తాడు. మామగారు చూసిన చూపుకి మళ్లీ దించాడు. అదే ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు అయ్యుంటే, చెరిపిన చోటుని ఖాళీ చేసే ట్రిమ్ అనేది వెనకాలే వచ్చి చాలావరకు ఊడ్చేసేది, నేను కాఫీ తాగి తిరుగు బస్సెక్కేవాణ్ణి.

డిస్కు ఊడదీసి నా లాప్‌టాప్‌కి తగిలించి టెస్ట్‌డిస్క్ నడిపాను. క్రిస్టాఫ్ గ్రెనియే అనే ఆయన రాసి ఉచితంగా పంచిపెడుతున్న పరికరం అది. నల్ల తెర మీద అక్షరాలు పరుగెడుతుంటే ఇంటిల్లిపాదీ ఎన్నికల ఫలితాలు చూస్తున్నంత నిశ్శబ్దంగా నిలబడ్డారు. పార్టిషన్ దొరికింది. ఫైళ్ల పేర్లు కనిపించాయి. "ఇదిగోండి, మా పెళ్లి ఫోటోలు" అన్నాను. "సరే, సరే. టిక్కీల లెక్క ఉందా?" అన్నారాయన. ఉంది. ఆ చిరునామా తిరిగి రాసెయ్యమని 'రైట్' (Write) కొట్టి, మళ్లీ ఆన్ చేస్తే డి డ్రైవు వచ్చేసింది.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. "ఎలాగూ కూర్చున్నారు కదా బాబూ, మొన్న తేజ రకం మిర్చి లెక్క ఒకటి నేనే తీసేశాను, అదీ లాగండి" అన్నారు మామగారు.

దానికి ఫోటోరెక్ అనే ఇంకో పరికరం పెట్టాను. ఇది పేర్లూ ఫోల్డర్లూ పట్టించుకోదు. ఏ రకం ఫైలు ఎలా మొదలవుతుందో చూసి, ఎప్పుడో చెరిపేసినవాటితో సహా వేరే డిస్కులోకి తోడి పోస్తుంది. తెల్లారేసరికి పేరూ ఊరూ లేని ఫైళ్లు గుట్టలుగా పడ్డాయి. ఏది ఏదో తెరిచి చూడాల్సిందే. ఆ పని మా ఆవిడ తీసుకుంది.

"నాన్నా, ఇదేంటి?"

ఎక్సెల్ షీటు. పైన 'పెద్దమ్మాయి సంబంధాలు' అని ఉంది. నాలుగో వరసలో నేను. ఎదురుగా మామగారి అభిప్రాయం: 'మనిషి మెతక. జుట్టు నిలిచేలా లేదు. పై మూడూ తప్పిపోతే చూద్దాం.'

తోడల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కింద రెండో షీటు ఉందని చూసుకోలేదు. 'చిన్నమ్మాయి'ది. అతని పేరు ఎదురుగా: 'ఊరికే ఉండడు, అన్నీ కెలుకుతాడు. అయినా ఫర్వాలేదు.'

మామగారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు. "బాబూ, దీన్ని ఇంక రాకుండా తీసెయ్యడం ఎలాగ?"

"దాని మీద ఇంకేదన్నా రాసెయ్యాలి మావయ్యగారూ."

"అయితే రాసెయ్యండి, తొందరగా."

మా ఆవిడ అప్పటికే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసి, చెల్లెలికి ఫోన్ కలుపుతోంది.