బోర్డు కనపడకపోతే బండి ఎత్తుకెళ్ళే హక్కు ఎక్కడిది?

నో పార్కింగ్ బోర్డు స్పష్టంగా ఉన్నచోట బండి పెట్టినవాళ్ళకు జరిమానా వేస్తే ఈ పత్రిక అడ్డు చెప్పదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక కారు అడ్డంగా ఆగితే గాంధీబొమ్మ నుంచి వీఆర్‌సీ సెంటర్ దాకా ట్రాఫిక్ ఎలా బిగుసుకుపోతుందో అందరికీ అనుభవమే, పొగతోట ఆసుపత్రుల వైపు వెళ్ళే అంబులెన్స్ ఆ వరసలో ఇరుక్కుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అలాంటి బండిని ఎత్తుకెళ్ళాల్సిందే. కానీ పండగనో, మంత్రిగారి పర్యటననో, డ్రైనేజీ పనులనో చెప్పి రాత్రికి రాత్రి బారికేడ్‌కి ఒక కాగితం అంటించి, తెల్లారేసరికి బండ్లు ఎత్తుకుపోయి టోయింగ్ ఛార్జీ వసూలు చేయడం మాత్రం అన్యాయం.

ఉదయగిరి వైపు నుంచి అమ్మకు కళ్ళు చూపించడానికి వచ్చిన ఒక పాఠకుడు ఆ కాగితం ఫోటోను మాకు చూపించాడు. మామూలు తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో 'ఇక్కడ బండ్లు పెట్టరాదు' అని రాసి ప్లాస్టర్‌తో అంటించారు. తేదీ లేదు, టైము లేదు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది లేదు, ఎవరు పెట్టారో చెప్పే ముద్ర అసలే లేదు. పైగా ఆ బారికేడ్ గోడ వైపు తిరిగి ఉంది, దాని ముందు టీ బండి నిలబెట్టి ఉంది. పొద్దున బైకు పెట్టేటప్పుడు అతనికి కనపడకపోవడంలో వింతేముంది? కళ్ళలో చుక్కల మందు వేయించుకుని ఎండకు కళ్ళు తెరవలేకపోతున్న తల్లిని ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, బండి దొంగలెత్తుకెళ్ళారేమోనన్న టెన్షన్‌తో అటూ ఇటూ పరిగెత్తాడు. చివరికి టీకొట్టు అబ్బాయి చెబితేగానీ అసలు సంగతి తెలియలేదు. ఆటో మాట్లాడుకుని, ఎత్తుకెళ్ళిన బండ్లు ఉంచే చోటికి వెళ్ళి "బోర్డు యాడుంది సార్?" అని అడిగితే, ముందు డబ్బు కట్టు, తర్వాత మాట్లాడదాం అన్నారట. కట్టాక మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. చేతికిచ్చిన రసీదులో అంకె ఒక్కటే ఉంది, ఏ సెక్షన్ కిందో, ఎక్కడి నుంచి ఎత్తారో రాయలేదు.

చట్టం ఇంత అస్పష్టంగా ఏమీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద బండ్ల మీద పెట్టే ఆంక్ష నెలకు మించనిదైతే గెజిట్‌లో ప్రకటించనక్కర్లేదు గానీ, పరిస్థితిని బట్టి స్థానికంగా ప్రచారం మాత్రం చేసి తీరాలని ఆ సెక్షనే చెబుతోంది. గోడ వైపు తిరిగిన కాగితాన్ని ప్రచారం అంటారా? పార్కింగ్‌ను చట్టబద్ధంగా నిషేధించిన చోట ఉన్న బండిని తీయించే అధికారం 127వ సెక్షన్ ఇస్తోంది, అదీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి మీదే. బండ్లెత్తే కాంట్రాక్టరు కుర్రాళ్ళు సొంతంగా ఇది ఎత్తుదాం, అది వదిలేద్దాం అనుకోవడానికి వీల్లేదు. ఆ అనుమతితో తీసిన బండికే టోయింగ్ ఖర్చు ఓనరు భరించాలని అదే సెక్షన్‌లో ఉంది. నిషేధమే జనానికి తెలిసేలా లేనప్పుడు ఆ ఖర్చు బండి ఓనరు ఎందుకు భరించాలి?

రాత్రి పది గంటలకు పర్యటన ఖరారైతే బోర్డులు ఎప్పుడు రాయిస్తాం అంటారు అధికారులు. వాళ్ళ ఇబ్బంది మేము కాదనడం లేదు. కానీ పొద్దున్నే వీధివీధికీ మైకుతో వచ్చే చెత్తబండిలో నాలుగు ముక్కలు చెప్పించవచ్చు కదా, ఆ వీధి మొదట్లో ఒక హోంగార్డును నిలబెట్టవచ్చు కదా. అంతకుముందు రాత్రే పెట్టిన బండ్ల సంగతి మరీ ఘోరం. బోర్డు వచ్చేసరికే అక్కడ ఉన్న బండి ఏ నిబంధనను ఉల్లంఘించినట్టు? నంబరు కొడితే ఓనరు ఫోనుకి చలానా మెసేజ్ పంపగలుగుతున్నారు, బండి ఎత్తే ముందు అదే నంబరుకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుంది. ఎత్తాకైనా ఆ బండ్లు ఎక్కడున్నాయో అక్కడ రాసి పెట్టాలి, ఊరికి కొత్తవాళ్ళు ఎవరిని అడుగుతారు?

ముఖ్యంగా రొట్టెల పండగ రోజులు తలుచుకుంటే మాకు ఆందోళనగా ఉంటుంది. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గాకి, స్వర్ణాల చెరువుకి లక్షల మంది వస్తారు, తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా వస్తారు. వాళ్ళకు తెలుగులో రాసిన కాగితం ఏం అర్థమవుతుంది? నీలం గుండ్రం, చుట్టూ ఎర్ర అంచు, అడ్డంగా ఎర్రగీత ఉన్న నో పార్కింగ్ గుర్తయితే ఏ భాషవాళ్ళకైనా తెలుస్తుంది. తాత్కాలిక బోర్డు మీద ఆ గుర్తు పెద్దగా ఉండాలి, కింద తేదీలు, గంటలు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న హద్దులు, ఉత్తర్వు నంబరు ఉండాలి. బండి ఎక్కడ పెట్టుకోవచ్చో బాణం గుర్తుతో చూపించాలి, పెట్టొద్దని చెప్పి ఊరుకుంటే జనం బండ్లను నెత్తిన పెట్టుకుని తిరగలేరు కదా. బండి ఎత్తే ముందు బోర్డు, బండి రెండూ ఒకే ఫోటోలో వచ్చేలా తీసి రసీదుకు జతచేయాలి. అలాంటి ఫోటో చూపించలేకపోతే టోయింగ్ ఛార్జీ వెనక్కి ఇచ్చేయాలి. ఎత్తేటప్పుడు అద్దమో, ఇండికేటరో విరిగితే దాని ఖర్చు కూడా ఎత్తినవాళ్ళదే.

మామూలు చలానా తప్పని తోస్తే కట్టకుండా కోర్టులో చెప్పుకోవచ్చు, ఎందుకంటే బండి మన దగ్గరే ఉంటుంది. టోయింగ్‌లో ఆ వీలు లేదు, బండి వాళ్ళ చేతిలో ఉంటుంది, సాయంత్రంలోగా ఊరు చేరాలి, పాలవాడికైనా కొరియర్ కుర్రాడికైనా బండి లేకపోతే ఆ రోజు సంపాదన పోయినట్టే. అందుకే తప్పు లేకపోయినా కట్టేసి వచ్చేస్తున్నారు. కట్టండి, కానీ రసీదు మీద 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి సంతకం పెట్టండి. తిరిగి ఆ చోటుకి వెళ్ళి బోర్డు ఉన్నా లేకపోయినా రోడ్డు రెండు వైపులా ఫోటోలు తీయండి, ఆ రోజే తీయండి. నిషేధపు ఉత్తర్వు కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితాలతో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, దానికి రసీదు తీసుకోండి.

అర్జీ అందుకున్న అధికారులు కూడా దాన్ని మళ్ళీ బండి ఎత్తినవాళ్ళకే పంపి చేతులు దులుపుకోకూడదు. ఆ రోజు ఉత్తర్వు ఉందా, బోర్డు ఎప్పుడు పెట్టారు, ఏ అధికారి అనుమతించారు అన్న మూడింటికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. జవాబు లేనిచోట డబ్బు వాపసు ఇవ్వాలి, అదీ బాధితుడిని పదిసార్లు తిప్పుకోకుండా అతని ఖాతాలోనే వేయాలి.