మూడో అంతస్తులో గెంతులు

మేముండేది రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. మా నెత్తి మీద ఫ్లాట్‌లో రామ్మూర్తిగారు, సత్యవతిగారు ఉంటారు. ఆయన ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చాలావరకు కాలువ గట్ల మీదే గడిచింది. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచరుగా చేశారు.

మొన్న మంగళవారం పొద్దున్న ఆరున్నరకి మా హాల్లో ఆపేసి ఉన్న సీలింగ్ ఫ్యాన్ ఊగడం మొదలుపెట్టింది. భూకంపమేమోనని పిల్లల్ని లేపబోతుంటే మా ఆవిడ తాపీగా, "పైన రామ్మూర్తిగారికి నిన్న ఏదో పెద్ద డబ్బా వచ్చిందిలెండి" అంది. సంగతేమిటో చూద్దామని పైకెళ్ళాను. తలుపు తీసే ఉంది. గుమ్మంలో నిలబడి విన్నది విన్నట్టు రాస్తున్నాను. మధ్యలో నాకు కాఫీ ఇచ్చారు కాబట్టి ఒకటీ అరా మాట తప్పి ఉండొచ్చు.

సత్యవతి: ఏమండీ, దిగండి. షోకేసులో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.

రామ్మూర్తి: (గెంతుతూ) ఇంకో... రెండు... నిమిషాలు.

సత్యవతి: రెండు నిమిషాలయ్యేసరికి గ్లాసులు కూడా రెండే మిగుల్తాయి.

రామ్మూర్తి: నీకు... తెలీదు... లోపల... శోషరసం... పారుతోంది.

సత్యవతి: పైన చెమట పారడం మాత్రం తెలుస్తోంది. ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ వేసి పిల్లలకి శోషరసం, అదే లింఫ్, చెప్పినదాన్ని. నాకు చెప్తున్నారా?

రామ్మూర్తి: బొమ్మ వెయ్యడం వేరు, పారించడం వేరు. పారుదల సంగతి ఇరిగేషన్ వాడికి చెప్తావా నువ్వు?

సత్యవతి: ఎంతయింది దీనికి?

రామ్మూర్తి: ఆఫర్లో వచ్చింది.

సత్యవతి: ఎంతకి అని అడిగాను, ఎందులో అని కాదు.

రామ్మూర్తి: 4,900.

సత్యవతి: 40 అంగుళాల జల్లెడకి 4,900!

రామ్మూర్తి: జల్లెడేమిటే! గెంతడానికి చట్రంలో గుడ్డ బిగించిన మినీ ట్రాంపొలిన్. 6 కాళ్ళు, 32 స్ప్రింగులు. నిన్న సాయంత్రం నేనొక్కణ్ణే బిగించాను.

సత్యవతి: బిగించేటప్పుడు మీ నోట్లోంచి వచ్చిన మాటలు విన్నాను లెండి. ఒకే పక్కనుంచి వరసగా తగిలించుకుంటూ పోతే ఆఖరి స్ప్రింగు ఎవరికి అందుతుంది? ఇటొకటి తగిలిస్తే దానికి ఎదురుగా అటొకటి తగిలించాలి. పుస్తకంలో చూపించాడుగా.

రామ్మూర్తి: ఆ పుస్తకం చైనా భాషలో ఉంది.

సత్యవతి: బొమ్మ కూడా చైనా భాషలోనే ఉందా?

(ఆయన దిగారు. నేల ఊగకపోవడం కాళ్ళకి కొత్తగా ఉన్నట్టుంది, రెండడుగులు తూలి సోఫా పట్టుకున్నారు.)

సత్యవతి: అదిగో. పట్టుకోడానికి కడ్డీ ఉన్నది కొనాల్సింది. 66 ఏళ్ళొచ్చాయి.

రామ్మూర్తి: కడ్డీ ఉన్నది ఇంకో వెయ్యి ఎక్కువ.

సత్యవతి: తుంటి విరిగితే ఆ వెయ్యి ఆటోకి, టిఫిన్‌కి సరిపోతుంది.

రామ్మూర్తి: (ఫోను తీసి) ముందు ఇది విను. "పది నిమిషాలు గెంతితే శోషరస ప్రవాహం 30 రెట్లు పెరుగుతుంది. ఒంట్లో విషాలన్నీ కొట్టుకుపోతాయి. నాసా నిరూపించింది." నాసా!

సత్యవతి: పంపిందెవరు?

రామ్మూర్తి: మన పెన్షనర్ల గ్రూపులో వచ్చింది.

సత్యవతి: కాకరకాయ రసంలో కాళ్ళు పెట్టుకుంటే షుగర్ దిగుతుందని చెప్పింది కూడా ఆ గ్రూపేగా? వారం రోజులు మీ కాళ్ళు పచ్చగా ఉన్నాయి, షుగర్ ఎక్కడుందో అక్కడే ఉంది.

రామ్మూర్తి: అయితే నాసా కూడా అబద్ధమేనంటావు.

సత్యవతి: నాసా అబద్ధం కాదు. మీరు స్ప్రింగులతో కుస్తీ పడుతుంటే నేను కూర్చుని అదే చదివాను. 1980లో అచ్చయింది. 8 మంది కుర్రాళ్ళని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు, ట్రాంపొలిన్ మీద గెంతించారు. చీలమండకీ, నడుముకీ, నుదుటికీ అదురు కొలిచే పరికరాలు కట్టారు. అంతరిక్షంలో బరువనేది తెలియకుండా ఉండొచ్చినవాళ్ళకి ఒళ్ళు పట్టు తప్పుతుంది కదా, వాళ్ళకి పనికొచ్చే వ్యాయామం ఏదని.

రామ్మూర్తి: చూశావా! ఏం తేలింది?

సత్యవతి: పరిగెత్తినప్పుడు అదురు చీలమండ దగ్గర ఎక్కువ పడింది. నడుముకీ నుదుటికీ పడినదానికి రెట్టింపు పైమాటే. గెంతినప్పుడు అంతటా ఇంచుమించు సమంగా పడింది.

రామ్మూర్తి: మరి శోషరసం?

సత్యవతి: దాన్ని వాళ్ళు కొలవనే లేదు.

రామ్మూర్తి: 30 రెట్లు?

సత్యవతి: మీ గ్రూపు వాళ్ళు కొలిచుంటారు. ఏ చెంబుతో కొలిచారో కనుక్కోండి.

(ఇక్కడే నాకు కాఫీ వచ్చింది. ఆయనకి రాలేదు. ఆయన అది గమనించారు.)

రామ్మూర్తి: సరే, టీచరుగారూ. శోషరసానికి పంపు లేదన్నది నిజమా, కాదా? అది చెప్పు.

సత్యవతి: నిజమే. రక్తానికి గుండె ఉన్నట్టు దానికి లేదు. సన్నటి రక్తనాళాల్లోంచి కొంత నీరు బయట కణాల మధ్యకి ఊరుతుంది. ఊరిందంతా తిరిగి ఆ నాళాల్లోకే పోదు. మిగిలిపోయినదాన్ని పోగుచేసి మళ్ళీ రక్తంలో కలిపేది శోషరస నాళాలు. రోజుకి ఇంచుమించు 3 లీటర్లు. అంటే ఆరు అర లీటరు పాల ప్యాకెట్లు.

రామ్మూర్తి: ఆగాగు. రక్తనాళాలు పంట కాలువలు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు, కాలువలకి నీళ్ళొచ్చాయి, చేలో పారాయి. పైరు తాగగా మిగిలిన ఊట ఎటు పోవాలి?

సత్యవతి: మురుగు కాలువలోకి.

రామ్మూర్తి: అదీ! నీళ్ళు వదిలితే కొబ్బరికాయ కొడతారు, దండలేస్తారు. మురుగు తియ్యడం ఎవడికీ పట్టదు. డ్రెయిన్లో గుర్రపుడెక్క తీయించండని నేను రాసిన ఉత్తరాలు...

సత్యవతి: ఆ ఉత్తరాల సంగతి పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీ డ్రెయిన్ నీళ్ళు సముద్రంలో కలుస్తాయి. ఇది సముద్రంలో పారబోసే మురికి కాదు. ఇందులో ఒంటికి కావలసిన ప్రొటీన్లుంటాయి, మళ్ళీ కాలువలోకే చేరాలి.

రామ్మూర్తి: చేరేదెక్కడ?

సత్యవతి: ఇదిగో, మెడ కింద, నా పుస్తెల తాడు ఆనేచోట, ఎడమ పక్కన పెద్ద సిరలో. కుడి చెయ్యి, ఛాతీలో కుడి భాగం, తలలో కుడి సగం, వీటి వాటా మాత్రం కుడి పక్కన కలుస్తుంది.

రామ్మూర్తి: తూర్పు డెల్టా, పశ్చిమ డెల్టా! కానీ సత్యా, ఒక చిక్కుంది. మా డ్రెయిన్లకి సముద్రం వైపు వాలుంటుంది. పాదం దగ్గర్నుంచి మెడ దాకా అంటే ఎదురు వాలు కదే. ఇది ఎత్తిపోతల!

సత్యవతి: ఎత్తిపోతలే. మోటారు లేని ఎత్తిపోతల.

రామ్మూర్తి: మోటారు లేకుండా ఎలా ఎక్కుతుంది? నా సర్వీసులో మోటారున్నవే సరిగ్గా ఎక్కలేదు.

సత్యవతి: నాళం పొడుగునా చిన్న చిన్న తలుపులుంటాయి. పైకే తెరుచుకుంటాయి, కిందికి తెరుచుకోవు.

రామ్మూర్తి: డ్రెయిన్ సముద్రంలో కలిసేచోట మేం పెట్టేది అదే! పోటు మీద ఉప్పునీరు వెనక్కి ఎక్కబోతే తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఎవడు పెట్టాడే లోపల అంత మంచి తలుపులు? కాంట్రాక్టరు ఎవరు?

సత్యవతి: టెండరు లేకుండానే పెట్టాడు, అందుకే బాగున్నాయి. ఇక నాళాల గోడలు వాటంతటవే ముడుచుకుంటూ రసాన్ని కొంచెం కొంచెంగా నెడతాయి. పిక్కలో కండరం బిగిసినప్పుడల్లా నాళాన్ని పిండుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి పైకి లాగుతుంది.

రామ్మూర్తి: గెంతితే పిక్కలు బిగుస్తాయి. ఆయాసపడితే ఊపిరి బాగా ఆడుతుంది. నేను పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నది అదేగా!

సత్యవతి: నడిచినా బిగుస్తాయి. లిఫ్టు మానేసి మెట్లెక్కినా బిగుస్తాయి. రైతుబజారు నుంచి సంచీ మోసుకొస్తే ఇంకా బిగుస్తాయి, పైగా ఇంట్లోకి వంకాయలు వస్తాయి.

(కాసేపు నిశ్శబ్దం. వంకాయల మాట వచ్చేసరికి ఆయన పక్షం కొంచెం బలహీనపడిందని నాకనిపించింది.)

రామ్మూర్తి: విషాల సంగతేమిటి మరి? అవి కొట్టుకుపోవా?

సత్యవతి: విషాలు చూసుకోడానికి కాలేయం ఉంది, మూత్రపిండాలున్నాయి. శోషరసం దారిలో గ్రంథులుంటాయి, ఒంట్లో మొత్తం 600 దాకా. వాటి పని క్రిముల్ని పట్టుకోవడం. చిన్నప్పుడు కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కట్టేది చూడండి, అదే.

రామ్మూర్తి: మా అమ్మ ఉప్పు మూట కాచి పెట్టేది. అయితే బిళ్ళలంటే చెక్‌పోస్టులన్నమాట.

సత్యవతి: అన్నమాటే. నిన్న రాత్రి పూతరేకులు ఎన్ని తిన్నారు?

రామ్మూర్తి: దీనికీ దానికీ ఏమిటి సంబంధం? రెండు.

సత్యవతి: డబ్బాలో నాలుగు తగ్గాయి. ఆ నెయ్యి పేగుల్లోంచి తిన్నగా రక్తంలోకి పోదు. ముందు శోషరస నాళాల్లోకే ఎక్కుతుంది. అప్పుడా రసం పాలలా తెల్లగా ఉంటుంది. 1622లో ఇటలీలో అసెల్లి అనే ఆయన, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్ట కోసి చూస్తే పేగుల దగ్గర తెల్లటి దారాలు కనిపించాయి. అలాగే బయటపడింది ఈ సంగతి.

రామ్మూర్తి: పాపం కుక్క.

సత్యవతి: పాపం మీరు. విషాలు పోవాలని గెంతుతూ, నాలుగు పూతరేకుల నెయ్యికి దగ్గరుండి దారి చూపిస్తున్నారు.

(నేను కాఫీ కప్పులోకి చూస్తూ నవ్వాను. ఆయన నావైపు చూసిన చూపుకి వెంటనే మానేశాను.)

రామ్మూర్తి: అంటే నీ లెక్కన ఇది దండగ.

సత్యవతి: దండగనలేదు. గుండెకి మంచిదే, కాళ్ళకి మంచిదే. రోడ్డు మీద పరుగు కన్నా మెత్తగా ఉంటుంది. లేనిపోని మహిమలు అంటగట్టద్దంటున్నాను. మీ మేనత్తగారి కాలు మర్చిపోయారా?

(ఆయన టవల్‌తో మొహం తుడుచుకోవడం ఆపేశారు.)

రామ్మూర్తి: ఎలా మర్చిపోతాను.

సత్యవతి: నేను కాపరానికొచ్చేసరికి ఆవిడ బోదకాలు ఇంత లావుండేది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా పాత చీర ముక్కతో అద్ది, కాలు దిండు మీద పెట్టేదాన్ని. మడమ కిందికీ పైకీ ఆడించమని డాక్టరు చెప్తే, "ఈ వయసులో నాకు డాన్సు నేర్పుతారా" అనేది. దోమకాటుతో వచ్చిన పురుగు ఈ నాళాల్లోనే కాపరం పెట్టి వాటిని పాడుచేస్తుంది.

రామ్మూర్తి: గుర్రపుడెక్క.

సత్యవతి: గుర్రపుడెక్క అయితే పీకేస్తే పోతుంది. నాళం ఒకసారి పాడయ్యాక ఎంత గెంతినా మునుపట్లా కాదు. అలాంటివాళ్ళు ఈ మెసేజీ చూసి ట్రాంపొలిన్ ఎక్కితే? అందుకే నాకు మంట.

రామ్మూర్తి: రాత్రిళ్ళు రక్తం తియ్యడానికి వచ్చేవాళ్ళు, గుర్తుందా?

సత్యవతి: ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి మరి. మీ నాన్నగారు దొంగలనుకుని దుడ్డుకర్ర తీశారు. స్కూల్లో నేను బోదకాలు రాకుండా ఇచ్చే డీఈసీ మాత్రలు మింగిస్తే వెనక బెంచీ వాళ్ళు నాలుక కింద దాచి, కిటికీలోంచి ఉమ్మేసేవాళ్ళు. కిటికీ అవతల నేనే నిలబడి ఉండేదాన్ని.

(ఈ మాటతో ఆయనకి నవ్వొచ్చింది. ఆయనకీ కాఫీ వచ్చింది.)

రామ్మూర్తి: ఇంతకీ నన్ను గెంతనిస్తావా, లేదా?

సత్యవతి: ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు కాకుండా అయితే సరే. పాదాలు గుడ్డ మీంచి లేవకూడదు. మోకాళ్ళు కాస్త వదులుగా పెట్టి ఊగడమే. ఐదు నిమిషాలు. పక్కన పట్టుకోడానికి ఏదైనా ఉండాలి.

రామ్మూర్తి: పాదం లేవకపోతే అది గెంతడం ఎలా అవుతుంది?

సత్యవతి: అవదు. అందుకే గ్లాసులు మిగుల్తాయి. కింద వీళ్ళ ఫ్యానూ మిగుల్తుంది.

చివరికి ఆ వస్తువుని డాబా మీదికి చేర్చాలని తీర్మానమైంది. లిఫ్టులో పట్టలేదు. ఆయనో పక్క, నేనో పక్క పట్టుకుని రెండంతస్తులు మోశాం. నా పిక్కల్లో తలుపులన్నీ టపటపా తెరుచుకున్న మాట వాస్తవం.

శుక్రవారం మధ్యాహ్నం బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళితే మళ్ళీ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ట్రాంపొలిన్ మీద పాత వాయిల్ చీర పరిచి ఉంది. చీర మీద, అంచు నుంచి అంచుదాకా, బూడిదగుమ్మడి వడియాలు.

రామ్మూర్తి: నా ట్రాంపొలిన్ మీద వడియాలా!

సత్యవతి: అడుగునుంచి గాలి తగుల్తోంది, నల్ల గుడ్డకి వేడి బాగా పట్టింది. పొద్దున్న పెట్టినవి అప్పుడే ఒక పక్క గలగల్లాడుతున్నాయి. ఇలా అయితే 4,900 ఎక్కువేం కాదు.

రామ్మూర్తి: నా శోషరసం గతేం కాను?

సత్యవతి: ఈ కర్ర పుచ్చుకుని చుట్టూ తిరగండి. కాకులొస్తాయి.

రామ్మూర్తి: హుష్! హుష్! అదిగో, వాలనే వాలింది. చూడు సత్యా, రెండు కాళ్ళూ లేపి మరీ గెంతుతోంది. దాన్నేమీ అనవేం?

సత్యవతి: దానికి 66 ఏళ్ళు లేవు. మీ వెనకాల ఇంకోటి వాలింది, తిరగండి.