అష్టోత్తర షుగరు

అమెరికావాళ్ళు ఏటా నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. దానివల్ల ఏం ఒరిగిందో తేల్చుకోలేక ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ గొడవ నాకనవసరం. తెనాలిలో మా వంటింట్లో దాని ఫలితం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రోజు నుంచి మార్చి రెండో ఆదివారం దాకా నాకు రోజుకో గంట స్వాతంత్య్రం.

మావాడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఆఫీసు పని ముగించుకుని వాళ్ళ టైము రాత్రి ఏడున్నరకు వీడియో కాల్ చేస్తాడు. వేసవిలో అయితే మనకప్పుడు సరిగ్గా ఉదయం ఆరు. నేను మంచం దిగేసరికి మా ఆవిడ ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి సిద్ధంగా ఉంటుంది. కొడుకు చూస్తుండగా వేలు పొడుచుకోవాలి, స్ట్రిప్ మీద చుక్క పెట్టాలి, మిషను మీద పడ్డ అంకెను కెమెరాకు చూపించాలి. ఓట్ల లెక్కింపులో కూడా ఇంత పారదర్శకత నేను చూడలేదు.

చలికాలంలో అదే కాల్ ఏడింటికి వస్తుంది. అంతసేపు పరగడుపున ఉంటే కళ్ళు తిరుగుతాయని డాక్టరు చెప్పాడని మావాడికి చెప్పాను. డాక్టరు చెప్పలేదనుకోండి, అది వేరే విషయం. ఆరింటికే నా పరీక్ష నేను చేసుకుని, రెండు చెంచాల పంచదారతో కాఫీ తాగి, ఏడింటికి అంకె నోటితో చెబుతాను. 108.

ఈ అంకె ఊరికే దొరకలేదు. 100 అంటే మరీ గుండ్రంగా ఉండి అనుమానం వస్తుంది. 140 అంటే అరగంట ఉపన్యాసం. 108లో ఒక నిజాయితీ ఉంది. అష్టోత్తరం కాబట్టి భక్తీ, అంబులెన్సు నంబరు కాబట్టి కాస్త భయమూ ఉన్నాయి. రోజూ అదే అయితే బాగుండదని మధ్యమధ్యలో 111, 104 వేస్తుంటాను.

ఇంత పకడ్బందీ ఏర్పాటునూ మూడు నెలల షుగరు పరీక్ష కూల్చేసింది. హెచ్‌బీఏ1సీ దాని అసలు పేరు. ఎర్ర రక్తకణం సుమారు నాలుగు నెలలు బతుకుతుందట. బతికినన్నాళ్ళూ మన ఒంట్లోనే తిరుగుతూ, రక్తంలోని చక్కెర కాస్త కాస్త ఒంటికి పట్టించుకుని, చివరికి ల్యాబ్‌వాడి దగ్గర చాడీలు చెబుతుందట. నా ఉప్పు తిని, ఉప్పేమిటి, పంచదార తిని నాకే ద్రోహం! ఫిబ్రవరిలో 8.4 వచ్చింది. ఫోన్ నంబరు దగ్గర మా ఆవిడ కొడుకు నంబరు రాయించడంతో రిపోర్టు నాకంటే ముందు ఫ్రిస్కో చేరింది.

"8.4 అంటే సగటున 194 నాన్నా. రోజూ 108 అన్నావు కదా?"

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తీర్పు ఇచ్చింది. సొంత హిమోగ్లోబిన్ మీద కేసు వేయొచ్చా అని మా లాయరు మిత్రుణ్ణి అడిగాను. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నిరుడు ఆరు నెలలు వాళ్ళ దగ్గర ఉండొచ్చాం. 23 కిలోల పెట్టెలు నాలుగు, అందులో ఒకదాంట్లో సగం మందులే. మాకని ఇన్సూరెన్సు కూడా తీయించాడు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు అది వర్తించదట. అంటే నాకున్న షుగరు, బీపీ, మోకాళ్ళు తప్ప, నాకు లేని జబ్బులన్నిటికీ రక్షణ ఉందన్నమాట. కొత్త జబ్బొకటీ రాకుండానే తిరిగొచ్చాం. కట్టిన డబ్బు దండగ.

అక్కడ మావాడి భోజనం చూశాను. రాత్రి పదిన్నరకు ఒళ్ళో ల్యాప్‌టాప్, చేతిలో పిజ్జా. నన్ను రోజూ ఐదు వేల అడుగులు నడవమనేవాడు, వీధి చివర పోస్టు డబ్బాకు కూడా కారులోనే వెళ్తాడు. వయసు ముప్పై ఎనిమిది, నేనేం అంటాను?

పోయిన వారం ఆరింటి కాల్. నా అంకె 146, కెమెరా సాక్షిగా. మావాడి వెనక వంటగట్టు మీద నల్ల జిప్పు సంచీ ఒకటి కనబడింది. అచ్చం నా మిషను సంచీలాగే ఉంది.

"అదేంట్రా?"

ఫోన్ పక్కకు తిప్పాడు. "ఏం లేదు నాన్నా, ఊరికే."

"ఊరికేనా? చెప్పు మామయ్యగారికి," అని కోడలి గొంతు.

మా ఆవిడ చెంబు దగ్గరకు జరిగి కూర్చుంది.

"పొద్దున ఎంత వచ్చిందిరా?" అన్నాను.

మావాడు ఒకసారి పైకప్పు వంక చూశాడు.

"108."