నాటింగ్ హిల్ గృహస్థుల కష్టాలు

నాటింగ్ హిల్ గృహస్థుల గోడు వింటే రాయి కూడా కరుగుతుంది. లండన్‌లో లక్షల పౌండ్లు పోసి ఇల్లు కొనుక్కుంటే, ఆగస్టు నెలాఖరులో కార్నివాల్ పండగంటూ కరీబియన్లు వీధుల్లోకొచ్చి డబ్బాలు వాయిస్తారని ఒక్కరూ చెప్పలేదట. 1966 నుంచీ గుట్టుగా సాగుతున్న వ్యవహారం, ఎలా తెలుస్తుంది పాపం!

కార్నివాల్ వారం చూడాలి. వడ్రంగులు దిగుతారు. ముందు కిటికీలకు ప్లైవుడ్, తర్వాత తలుపుకు, ఆపైన తెల్లటి స్తంభాలకు, చివరికి గుమ్మం ముందు గులాబీ మొక్కకు కూడా ఓ చెక్కపెట్టె. ఇంటిని పార్సిల్ కట్టి కొరియర్‌లో పడేస్తారేమో అనిపిస్తుంది. ఇంటాయన కుక్కతో సహా పల్లెటూరికి పరార్. ఇంతకీ దండెత్తి వస్తున్నదెవరు? బండి మీద నిలబడి, రబ్బరు తొడిగిన పుల్లలతో స్టీల్ పాన్ (ఆయిల్ డ్రమ్ముతో చేసిన వాద్యం) వాయిస్తున్న ఎనిమిదో తరగతి పిల్ల! పాన్ యార్డులో, అంటే సాధన చేసే చోట, సాయంత్రాలన్నీ నిలబడి, కాగితం చూడకుండా పాటంతా చెవితో పట్టేసింది. పక్కన ఓ పెద్దాయన కారు బ్రేక్ డ్రమ్ము మీద ఇనప కడ్డీతో తాళం. ఎంత భయానకం!

ఈ వాద్యం పుట్టిన కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో బ్రిటిష్ దొరలకూ 1880ల్లో ఇదే తలనొప్పి. తోలు డోళ్లు వద్దన్నారు. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బాలు, ఆఖరికి ఆయిల్ డ్రమ్ములు. డ్రమ్ము అడుగును సుత్తితో గుంట చేసి, మంట మీద కాల్చి, ఒక్కో స్వరాన్ని కొట్టి కొట్టి రాబట్టారు. దొరల చెవులు అంత సున్నితం కాకపోతే ఈ వాద్యమే పుట్టేది కాదు. 1951లో బ్రిటన్ ఉత్సవానికి ట్రినిడాడ్ బృందాన్ని పిలిచి మరీ విన్నారు. చుట్టపుచూపుగా వస్తే సంగీతం, పక్కింట్లో కాపురముంటే గోల.

కిటికీల గురించి అంత బెంగ ఉన్నవాళ్లు 1958 సంగతి కూడా తెలుసుకోవాలి. ఇదే పేటలో తెల్లవాళ్ల గుంపులు కరీబియన్ల ఇళ్ల అద్దాలు పగలగొట్టాయి. వాటికి చెక్కలు కొట్టించడానికి ఎవడొచ్చాడు? మరుసటి ఏడాది ట్రినిడాడ్‌లో పుట్టిన ఉద్యమకారిణి క్లాడియా జోన్స్ సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్లో కార్నివాల్ పెట్టింది ఆ గాయం మీదే. ఆ తరం కరీబియన్ల పిల్లలు అక్కడే పెరిగి, పని చేసి, పన్నులు కట్టి ముసలివాళ్లయ్యాక, కాగితాలేవని అడిగి ఉద్యోగాలు పీకేశారు, కొందరిని దేశం నుంచే తరిమేశారు. 2018లో అది బయటపడ్డాక ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. సిగ్గులేకపోతే సరి! యాభై ఏళ్లు ఉన్నవాడు పరాయివాడు, నిన్న కాక మొన్న రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాడు స్థానికుడూనా?

అంత ప్రశాంతత కావాలంటే ఇల్లు అమ్మేసుకోండి బాబూ. ఎలాగూ ప్రకటనలో 'కార్నివాల్ జరిగే హుషారైన పేట' అని రాసి నాలుగు డబ్బులు ఎక్కువకే అమ్ముతారుగా.