మూడు నెలలు పీపాలు పెట్టి చూడండి

హైదరాబాద్ కాలనీల్లో ముప్పై అడుగుల దారి ఇప్పుడు వీధిగా మిగలలేదు. పెద్ద రోడ్డు మీద వాహనాలు బారులు తీరగానే ఫోన్లోని మ్యాప్ అడ్డదారి చూపిస్తుంది, ఆ రద్దీ అంతా ఇళ్ల మధ్యకు వచ్చి పడుతుంది. మా వీధిలో తెల్లవారుజామున వేసిన ముగ్గు ఎనిమిదిన్నరకల్లా టైర్ల కింద చెరిగిపోతోంది. ముగ్గు పోతే రేపు మళ్లీ వేసుకోవచ్చు, ప్రాణం పోతే రాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే.

దీనికి కాలనీవాసులకు తెలిసిన మందు ఒక్కటే: రాత్రికి రాత్రి సిమెంటు కలిపి అడ్డంగా గట్టు పోయడం. వాహనం 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని రోడ్డు ఇంజినీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. మన గట్టుకు ఎత్తు దండిగా ఉంటుంది గానీ వెడల్పు మూరెడు దాటదు. పెద్ద కారు దాన్ని లెక్కచేయదు, నడుము విరిగేది సైకిల్ తొక్కేవాడికే.

నేను అడుగుతున్నది సిమెంటు కాదు, ప్రయోగం. ఒక వీధిని ఎంచుకుని, రెండు చివర్లా ఇసుక నింపిన పీపాలతో దారిని ఇరుకు చేసి, మధ్యలో పూలకుండీలతో వంపులు పెట్టి, నడిచేవారి చోటును రంగుతో గీసి మూడు నెలలు చూడాలి. 2016లో స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో, పోబ్లెనౌ అనే పేటలో తొమ్మిది బ్లాకులను ఒక్కటిగా చేసి, అడ్డదారిన పోయే వాహనాలను చుట్టూ ఉన్న రోడ్లకు మళ్లించినప్పుడు మొదట వాడినవి పాత టైర్లు, రంగులు, కుండీలే. అక్కడా నిరసనలు వచ్చాయి, అయినా ఆ మార్పు నిలబడింది. వేగం ఎందుకు ముఖ్యమంటే, 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఢీకొట్టే శక్తి 30తో వచ్చే అదే కారుకన్నా దాదాపు 2.8 రెట్లు.

అంబులెన్స్ ఎలా వస్తుంది, రద్దీ పక్క వీధికి మళ్లదా అన్న ప్రశ్నలు న్యాయమైనవే. పీపాల మధ్య అంబులెన్స్ పట్టేంత సందు వదలవచ్చు. పక్క వీధి సంగతి మాత్రం అక్కడ కూడా ప్రయోగానికి ముందూ తరువాతా వాహనాలు లెక్కపెడితేనే తేలుతుంది. ప్రయోగం అన్నది అందుకే.

మరి ఇంత చవకైన పని ఎందుకు జరగదు? పీపాలకు శంకుస్థాపన ఉండదు కాబట్టి. ఫ్లైఓవర్‌కు శిలాఫలకం ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, కాంట్రాక్టు ఉంటుంది. రంగు డబ్బాకు వీటిలో ఏదీ లేదు. పైగా ప్రయోగం విఫలమైతే ఒప్పుకోవాలి, అది మన పాలనకు అలవాటు లేని పని. తాత్కాలిక సైకిల్ బాటలు వేసి చూడమని 2020లో కేంద్రం పెట్టిన పోటీలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. అంటే ఈ పని మన ఇంజినీర్లకు చేతకానిదేమీ కాదు. నడకదారి జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత కూడా మా వీధి మలుపులో కాలిబాట మీద నిటారుగా నిలబడి ఉన్నది ఒక శిలాఫలకమే. దాన్ని తప్పించుకోవడానికి బడి పిల్లలు రోడ్డు మీదికి దిగి నడుస్తున్నారు.