కోల్డ్ ప్రెస్ జ్యూసర్ గారికి, పిప్పి పక్షాన ఒక విన్నపం

మహారాజశ్రీ కోల్డ్ ప్రెస్ జ్యూసర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు వేంచేసిన నాటి నుంచి మిక్సీ మూలకు జరిగింది, ఇడ్లీ పాత్ర అటకెక్కింది. పదివేల పైచిలుకు పోసి తెచ్చుకున్న పెద్దమనిషికి ఆమాత్రం పీట వేయాల్సిందే. ఒక్కటే సందేహం. మా వైపు ఎవరైనా నిరాహార దీక్షకు కూర్చుంటే, ఎవరో ఒక పెద్దాయన వచ్చి నిమ్మరసం గ్లాసు నోటికందిస్తాడు. ఆ గుక్క గొంతు దిగిందంటే దీక్ష విరమించినట్టే, మర్నాడు పేపర్లో ఫొటో. తమరొచ్చి, అన్నం మానేసి రోజంతా రసాలే తాగడానికి 'జ్యూస్ ఫాస్టింగ్' అని పేరు పెట్టి, ఆ గ్లాసునే ఉపవాసం అనేశారు. రోజుకు ఆరుసార్లు విరమిస్తూనే దీక్ష సాగించవచ్చన్న ఈ కిటుకు మా నాయకులకు ముందే తెలిసి ఉంటే, ఎన్ని శిబిరాలు ఈనాటికీ నడుస్తుండేవో!

నిమిషానికి 40 నుంచి 80 చుట్లే తిరుగుతాను, వేడి పుట్టదు, ఎంజైములు చావవు అని అట్టపెట్టె మీద రాయించుకున్నారు. సంతోషం. ఆ ఎంజైములూ ప్రోటీన్లే కదా, గ్లాసులో బతికి బయటపడినా కడుపులో ఆమ్లం వాటికేమీ మర్యాద చేయదు, పప్పులో ప్రోటీన్‌ను అరగదీసినట్టే అరగదీస్తుంది. ముక్కలకు వంద మిల్లీలీటర్ల నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, పలుచని నూలు గుడ్డలో పిండినా దాదాపు ఇదే రసం వస్తుంది. నురగ ఎక్కువ, రంగు త్వరగా మారుతుంది, అంతే తేడా. అమెరికాలో తమరి జ్ఞాతి ఒకాయన ఉండేవాడు, జూసెరో అని. 2016లో 699 డాలర్ల ధర కట్టుకుని బజారుకొచ్చాడు. ఆయనలో పెట్టాల్సిన పండ్ల, కూరల ముక్కల సంచీని ఉత్త చేతులతో పిండినా రసం వస్తుందని 2017లో విలేకరులు పిండి చూపించారు. ఆ సెప్టెంబరుకే దుకాణం మూతపడింది. భయపెట్టడానికి కాదు, బంధువుల కబురు చెప్పడం ధర్మం కనుక రాశాను.

ఇక తమరు చేసే ఆస్తి పంపకం. కిలో క్యారెట్ తమరి నోట్లో పోస్తే అరలీటరు అటూఇటూగా రసం గ్లాసు వాటాకు వస్తుంది, మిగతాది పిప్పి వాటాకు. ఆ కిలోలో 28 గ్రాముల పీచు ఉంటుంది. అందులో సింహభాగం పిప్పితో పోతుంది, చక్కెరలో సింహభాగం గ్లాసులో పడుతుంది. 2000 కేలరీల తిండిలో రోజుకు 30 గ్రాముల పీచు ఉండాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అంటుంది. రసం కంటే పండు తినడం మేలనీ చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే పండ్లరసంలోని చక్కెరను, టీలో వేసుకునే చక్కెరను ఒకే లెక్కలో వేసింది. తమరి అట్టపెట్టె మీద ఈ ముక్క ఎందుకో అచ్చు కాలేదు.

అయినా ఈ రసాల ఉపవాసం మొదలుపెడతానని పట్టుబట్టేవారు ఉంటారు. అందుకని మొదట తమరి గడప తొక్కకూడనివారి జాబితా వేయించండి. ఇన్సులిన్ గానీ షుగరు జబ్బు మాత్రలు గానీ వాడేవారు తిండి మానేసి మందు మానకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి రసంలోని పొటాషియం సరిగా బయటికి పోదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారికి ఆకుకూరల విటమిన్ కె మందును పనిచేయనివ్వదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు సరేసరి.

మిగిలినవారు మూడు రోజుల ముందు నుంచి కాఫీ తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై రెండో రోజుకు ముదురుతుంది. తమరి భక్తులు దాన్ని 'లోపలి విషాలు పోతున్నాయి' అని పండగ చేసుకుంటారు. పోతున్నది కాఫీ, వస్తున్నది దాని బెంగ. తొలిసారికి ఒక్క పూట చాలు, తర్వాత ఒక్క రోజు. పాళ్లు మూడొంతులు కూర, ఒక వంతు పండు. ఒక గ్లాసుకు కీరా పావుకిలో, క్యారెట్ 150 గ్రాములు, బీట్‌రూట్ 50 గ్రాములు, సగం యాపిల్, అర అంగుళం అల్లం, అర చెక్క నిమ్మ. 300 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. రోజంతా ఇలాంటివి ఆరు తాగినా 700 కేలరీల చుట్టుపక్కలే. ప్రోటీన్ 20 గ్రాములు దాటదు, 60 కిలోల మనిషికి కావలసింది 50. రెండు మూడు రోజుల్లో తగ్గిన కిలోన్నర కొవ్వు కాదు, ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దాన్ని అంటిపెట్టుకున్న నీరు. అన్నం ముట్టగానే తిరిగొస్తాయి.

సొరకాయ వేసేముందు ఒక ముక్క నాలుక మీద పెట్టుకోవాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాల్సిందే, తేనె కలిపి మింగే పట్టుదల వద్దు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు పోయారు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కమిటీ వేసి మరీ హెచ్చరించింది. పాలకూర, బీట్‌రూట్ రోజూ గ్లాసుల కొద్దీ తాగితే ఆక్సలేట్లనే లవణాలు కిడ్నీలో పేరుకోవచ్చు, రాళ్ల చరిత్ర ఉన్నవారు అటు చూడకూడదు. బీట్‌రూట్ తాగిన మర్నాడు ఎర్రగా వెళ్తే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తనక్కర్లేదు, కొందరికి అలాగే అవుతుంది. పొద్దున తీసిన రసం సాయంత్రం వరకు గట్టు మీద ఉంచకండి. క్యారెట్ రసంలో పులుపు తక్కువ, క్రిములకు అదే అదను. 2006లో అమెరికా, కెనడాల్లో చల్లగా ఉంచని సీసా క్యారెట్ రసం నరాలను చచ్చుబరిచే బొటులిజం అనే విషజబ్బు తెచ్చింది. నిమ్మ పిండి, ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజే తాగేయాలి. ఉపవాసం విరమణకు పెసరకట్టు, మజ్జిగన్నం. బిర్యానీ ఎక్కడికీ పోదు.

ఇప్పుడు అసలు విన్నపం. తమరు పుట్టకముందు కూడా మా ఇళ్లలో బూడిద గుమ్మడికాయను పిండేవారండీ. ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా పైన బరువు పెట్టేవారు. తమరు పరగడుపున పళ్లెంలో పెట్టి అందించే ఆ అమృతం మూట కింద నుంచి కారి తూములోకి పోయేది. దాచుకున్నది పిప్పిని. మర్నాడు మినప్పిండిలో కలిపి వడియాలు పెట్టి ఏడాదంతా తిన్నారు. తమరి దగ్గర పిప్పి ఎలాగూ పొడిగానే వస్తుంది కనుక రాత్రి మూటగట్టే పని తప్పుతుంది. పావుకిలో మినపప్పు నానబెట్టి, నీళ్లు చిలకరించినట్టు పోస్తూ గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, ఇంగువ వేసి, అరకిలో గుమ్మడి పిప్పి కలిపి మూడు నాలుగు ఎండలు చూపిస్తే చాలు. పంటికి ముక్క తగలదు, గుల్లగా మాత్రం వేగుతాయి.

పిప్పి తినాలంటే స్విచ్ వేయకముందే జాగ్రత్త పడాలి. చెక్కు తీయాలి, యాపిల్ గింజలూ తొడిమా తీసేయాలి, బత్తాయి, నిమ్మ తొక్కలు అసలు వేయకూడదు, పిప్పి విషంలా చేదెక్కుతుంది. కీరా ముందు, తర్వాత క్యారెట్, ఆపైన బీట్‌రూట్, చిట్టచివర అల్లం, ఆకులు. దేని పిప్పి దానికి విడిగా తీసుకోవాలి. అన్నీ కలిపేసి హల్వా చేస్తే అల్లం ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది. తురుము కంటే పిప్పి త్వరగా పులుస్తుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒకరోజు, మహా అయితే రెండు. ఫ్రీజర్‌లో వంద గ్రాముల పొట్లాలుగా నెల.

దీనికి పుట్టింది సర్వపిండి. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు సొరకాయ పిప్పి గానీ క్యారెట్ పిప్పి గానీ, గుప్పెడు పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు, ఉప్పు, కారం. గోరువెచ్చని నీళ్లతో కలిపి పది నిమిషాలు ఆగాలి. పిప్పి నీళ్లు పీల్చుకుంటూనే ఉంటుంది, తొందరపడి ఒత్తితే అంచులు పగులుతాయి. ఆగాక మళ్లీ తడి చేసి, నూనె రాసిన మందపాటి గిన్నెలో పలుచగా ఒత్తి, వేలితో బొక్కలు చేసి, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచాలి.

హల్వాకు 200 గ్రాముల క్యారెట్ పిప్పిని 400 మిల్లీలీటర్ల పాలలో పది నిమిషాలు నానబెట్టి ఉడికించాలి. తీపి గ్లాసులోకి వెళ్లిపోయింది కనుక చక్కెర మామూలు కంటే కాస్త ఎక్కువే పడుతుంది. (ఇదీ ఉపవాసం సాధించిన పొదుపు.) దోసెపిండిలో నాలుగు వంతులకు ఒక వంతు మించితే అట్టు పెనం వదలదు. కీరా పిప్పికి పెరుగు పచ్చడి, పోపు చాలు. ఆకుల పిప్పి పీచుపీచుగా ఉంటుంది, మిక్సీలో మళ్లీ తిప్పి పప్పులో వేయాలి. గోధుమ గడ్డి పిప్పి మనిషి నమలగలిగేది కాదు, మొక్కలకు పోవాల్సిందే. అక్కడా ఒక వంతుకు రెండు వంతుల ఎండుటాకులో కొబ్బరి పీచో కలపకపోతే కుళ్లి, ఈగలు ముసురుతాయి.

చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు కూడా చెరకు పిప్పిని పారేయరు, బాయిలర్లో వేసి కరెంటు తీస్తారు. తమరు ఒక చిన్న బుట్ట ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

చివరగా తమరి ఒంటి సంగతి. తోటకూర కాడలు, అల్లం నార తమరి లోపల తిరిగే మరకు చుట్టుకుంటాయి. కాడలను అంగుళం ముక్కలుగా, అల్లాన్ని అడ్డంగా పలుచని బిళ్లలుగా కోసి వేయాలి. ఆకులను ఒక్కసారే కుక్కకుండా మధ్యమధ్య క్యారెట్ ముక్క వేస్తే అదే తోసుకుపోతుంది. ఉసిరి గింజ తీయకపోతే మర విరుగుతుంది. మామిడి, అరటి, బొప్పాయి తమరికి ఇవ్వకూడదు, రసం రాదు, గుజ్జై జల్లెడను మూసేస్తుంది. ఆ జల్లెడను వెంటనే బ్రష్‌తో కడగాలి, గంట ఆగితే గోళ్లతో గీకినా రాదు. కింద ఒక చిన్న సిలికాన్ బిరడా పెట్టారు. కడిగి మళ్లీ బిగించడం మరిస్తే రసమంతా పిప్పి వైపుకే పోతుంది, సింకులో జారిపోతే విడిగా దొరకడం కష్టం. దయచేసి పెట్టెలో రెండు వేయించగలరు.

ఇట్లు,
పిప్పి వాటాదారులు