ఎత్తిన చేతులన్నీ ఒప్పుకున్నట్టేనా?

అమెరికాలోని మన తెలుగు సంఘం గత సర్వసభ్య సమావేశంలో ఉగాది కార్యక్రమం నుంచి పిల్లల పద్యాల పోటీ తీసేశాం. ఆ సమయాన్ని సినిమా పాటల కచేరీకి ఇచ్చాం. మినిట్స్‌లో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసుకున్నాం. ఆ ఏకగ్రీవం ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వారం ముందు వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు. పెట్టీ పెట్టగానే కార్యవర్గం ఓట్లు పేర్లతో సహా పడ్డాయి. సమావేశంలో అధ్యక్షులవారు తమ అభిప్రాయం ముందే చెప్పి, స్పాన్సర్‌గారి పేరు కూడా ఎత్తి, "అందరికీ సమ్మతమేగా, చేతులెత్తండి" అన్నారు. ముందు వరుసలో చేతులు లేచాయి. వెనక వరుసలవాళ్లు పక్కలకు చూసి ఎత్తారు. వ్యతిరేకించేవారెవరని అడిగే లోపే చప్పట్లు మొదలయ్యాయి. భోజనాల దగ్గర మాత్రం, ఇంట్లో పిల్లల చేత సుమతీ శతకం వల్లె వేయిస్తున్న తల్లులు "అయ్యో, తీసేయకుండా ఉండాల్సింది" అని చెవులు కొరుక్కున్నారు. లేచిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి.

వాళ్లు అబద్ధమాడారని అనలేం. ఆ క్షణంలో వాళ్ల అభిప్రాయం ఏమిటన్నది వాళ్లకే అంత తేలిగ్గా తెలిసే విషయం కాదు.

వార్సాలో పుట్టి, పదమూడేళ్ల వయసులో న్యూయార్క్‌కు వలస వచ్చిన సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే పరీక్షించి, 1951లో ఫలితాలు ప్రచురించారు. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మూడింటిలో మొదటి గీతతో సమానమైనది ఏదో పైకి చెప్పాలి. ఒంటరిగా అడిగితే నూటికి ఒకటి కూడా తప్పు పోదు. కానీ గదిలో మిగతావాళ్లంతా ఆష్ మనుషులే. మొత్తం 18 విడతల్లో 12 సార్లు అందరూ కలిసి ఒకే తప్పు జవాబు చెబుతారు. అసలు మనిషి వంతు చివర్లో వస్తుంది. ఆ 12 విడతల్లో వచ్చిన జవాబుల్లో దాదాపు 37 శాతం గుంపు చెప్పిన తప్పు జవాబులే. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు.

దీన్ని పట్టుకుని మనుషులంతా గొర్రెదాటు అనేయడం అన్యాయం. దాదాపు మూడింట రెండు వంతుల జవాబులు సరిగ్గానే వచ్చాయి, పాతికశాతం మంది అసలు చలించలేదు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత లొంగినవాళ్లతో ఆష్ జరిపిన సంభాషణ. కొందరు నిజం తెలిసే, వేరుగా కనిపించడం ఇష్టంలేక గుంపుతో చెప్పామన్నారు. ఎక్కువమంది "ఇంతమందికి ఒకలా కనిపిస్తుంటే నా కళ్లదే లోపమేమో అనుకున్నాను" అన్నారు. ఈ రెండోది గమనించండి. అక్కడ నోరు నొక్కినవాళ్లెవరూ లేరు. మనిషి తన కంటిమీదే నమ్మకం వదులుకున్నాడు. గీతల పొడవు దగ్గరే ఇలా ఉంటే, సరైన జవాబంటూ అచ్చేసి లేని సంఘం వ్యవహారాల్లో ఎలా ఉంటుంది?

ఆష్ రెండు మార్పులు చేసి చూశారు. గుంపులో ఒక్కడు సరైన జవాబు చెబితే చాలు, లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడూ బాగా తగ్గింది. మన నియమావళిలో ఏం మార్చాలో ఈ రెండే చెబుతున్నాయి.

వాట్సాప్ సంగతి కొంత అందరికీ తెలిసిందే. బాణం గుర్తు రెండుసార్లు ఉన్న సందేశం మన దాకా రావడానికి కనీసం ఐదు చేతులు మారి ఉంటుంది. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. కానీ మన గ్రూపులో అసలు ఒత్తిడి ఫార్వర్డులది కాదు, పోల్‌ది. మామూలు పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది, లెక్క పెరుగుతూ ఉండటం కూడా కనిపిస్తుంది. ఆష్ గదిలో చివర కూర్చున్న మనిషి స్థితే అది.

ఇక్కడ ఏకగ్రీవం వైపు న్యాయం కూడా చెప్పుకోవాలి. ఊళ్లో పంచాయతీ పోటీ అంటే ఏమిటో మనకు తెలుసు. ఓటు పడ్డ రోజుతో పోయేది కాదు, పెళ్లి పిలుపులు ఆగిపోతాయి, నీళ్ల వంతు దగ్గర తగువులవుతాయి. అందుకే పెద్దమనుషులు ముందే కూర్చుని ఒక పేరు అనుకునేవారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా నజరానా ప్రకటించింది. ఊరు చీలిపోకూడదన్న ఆ ఆరాటం గౌరవించదగ్గది. అదే దేశం, 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె గుర్తుతో పెట్టి, అక్షరం రానివాళ్లు కూడా తెర చాటున తమ ఓటు తాము వేసుకునే ఏర్పాటు చేసింది. ఆ తెర కూడా మనదే.

పరదేశంలో తెర అవసరం ఇంకా ఎక్కువ. ఇక్కడ సమావేశంలో చేతులెత్తించే ఆయనే ఇంకొకరికి ఉద్యోగం రిఫరల్ ఇచ్చి ఉంటారు, ఆ కుటుంబం ఇంకా హెచ్1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీదే ఉంటుంది. పిల్లలు ఒకే కారులో డ్యాన్స్ క్లాసుకు వెళ్తారు. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడానికి ఎవరు సాహసిస్తారు?

కనుక రహస్యంగా ఓటేసే చీటీలు పెట్టండి. తేలిక పనే, కానీ తప్పులు జరిగే చోట్లు ఉన్నాయి. తీర్మానం పాఠం వారం ముందే లిఖితంగా పంపాలి. "కార్యవర్గ ప్రతిపాదనను సమర్థిస్తున్నారా?" అని అడగకూడదు, అది మర్యాద పరీక్ష అవుతుంది. "పద్యాల పోటీ కొనసాగాలి", "కచేరీకి ఇవ్వాలి", "ఇంకా తేల్చుకోలేదు" అని మూడు గళ్లు, ఒకే సైజు అక్షరాల్లో. మొదట కనిపించినదానికి మొగ్గు ఉంటుంది గనుక సగం చీటీల్లో మొదటి రెండింటి వరస తిరగేసి అచ్చువేయాలి. రెండు పక్షాలకూ సమాన సమయం, అధ్యక్షులవారు మాట్లాడాలంటే ఆఖర్న.

కుటుంబ సభ్యత్వం ఉన్నచోట ఎక్కువగా చెడేది ఒకటుంది. భర్త రెండు చీటీలూ తీసుకుని రెండూ తనే నింపేస్తారు. చీటీ ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చి, జాబితాలో టిక్కు పెట్టాలి. నింపేది కుర్చీలో కాదు, పక్కన అట్టలు అడ్డుపెట్టిన బల్ల దగ్గర. అక్కడ ఒకే రంగు పెన్నులు పెట్టాలి, రాత ఉండకూడదు, టిక్కు మాత్రమే. మన చేతిరాతలు మనందరికీ తెలుసు. లెక్కించేవాళ్లు ముగ్గురు, కార్యవర్గంలో లేనివాళ్లు. ముందు చీటీలు లెక్కపెట్టి జాబితాలోని టిక్కులతో సరిచూడాలి, తర్వాతే విప్పాలి. చీటీలు ఎక్కువైతే, ఆ తేడా ఫలితాన్ని మార్చేంత ఉంటే, మళ్లీ పెట్టాలి.

ఆన్‌లైన్‌లో అయితే వాట్సాప్ పోల్ వద్దు. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరణ ఆపేసి, ఒక్కరికి ఒక్క జవాబు అన్న అమరిక పెట్టండి. సైన్ఇన్ అడుగుతుంది గానీ ఎవరు ఏం చెప్పారో ఫారం పెట్టినవాళ్లకు తెలియదు. ఫలితాల సారాంశం అందరికీ చూపించే అమరిక ఆపి ఉంచాలి.

చాలా సంఘాల నియమావళి సభా నిర్వహణకు రాబర్ట్స్ రూల్స్ అనే నియమాల పుస్తకాన్నే పాటిస్తామంటుంది. అందులో అధ్యక్షులు వ్యతిరేక ఓట్లు అడిగి తీరాలి. ఏ సభ్యుడైనా లేచి చీటీ ఓటు కోరవచ్చు. ఒకరు బలపరిస్తే చాలు, చర్చ లేకుండా సాధారణ మెజారిటీతో తేలిపోతుంది. పాత తీర్మానాన్ని రద్దు చేయడానికి కూడా, ముందుగా నోటీసు ఇస్తే, సాధారణ మెజారిటీ సరిపోతుంది.

ఆ నోటీసు కార్యదర్శిగారికి ఈ నెలలోనే ఇవ్వండి, ఇద్దరి సంతకాలతో. సమావేశంలో ఎవరైనా లేచి చీటీలు కావాలంటే, మీరు ఏ పక్షమైనా సరే, దయచేసి వాళ్లను ఒంటరిగా నిలబెట్టకండి. "నేను బలపరుస్తున్నాను" అనండి.